ఎండాకాలం కుండీలో గోరుచిక్కుడు

మార్చిలో మిద్దె మీద చిక్కుడు పాదు పెడదామనుకునే కొత్తవాళ్లకు ఒక మాట. ఈ సీజన్‌కి గోరుచిక్కుడు వేసుకోండి. మన నాటు పందిరి చిక్కుడు పగటిపూట తగ్గే చలికాలంలోనే పూస్తుంది, ఇప్పుడు వేస్తే తీగ ఏపుగా పెరుగుతుందే గానీ కాయ కనపడదు. ఫ్రెంచ్ బీన్స్‌కైతే 35 డిగ్రీలు దాటితే పూత రాలిపోతుంది. గోరుచిక్కుడుకి ఎండంటే లెక్కే లేదు, పందిరీ అక్కర్లేదు.

అడుగు లోతు కుండీలో గింజని నేరుగా 2 సెంటీమీటర్ల లోతున పెట్టండి. నారు పోసి పీకి నాటితే తల్లివేరు దెబ్బతింటుంది. మొలక వచ్చేదాకా తడి ఆరనివ్వకండి, తర్వాత పైమట్టి ఆరాకే నీళ్లు. రెండు నెలల్లోపే కాయలు మొదలవుతాయి. లేతగా ఉన్నప్పుడే కోసేయండి, ముదిరితే అంతా పీచే.