స్లాబు వేసే ముందు రాడ్ల దగ్గర చూడాల్సినవి

మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) తిరగడం మొదలయ్యాక ఇవి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ముందురోజు సాయంత్రమే చూసుకోండి.

– తుప్పు: రాడ్డుకు గట్టిగా పట్టిన పలుచని ఎర్రదనంతో భయం లేదు. పెచ్చులుగా ఊడేదైతే వైరు బ్రష్‌తో గీకించండి.

– నూనె: సెంట్రింగ్ రేకులకు (కాంక్రీటు పోసే అచ్చుకు) రాడ్లు పరవకముందే పూయించాలి. రాడ్లకు అంటితే కాంక్రీటు పట్టదు. బురద కాళ్లతో తొక్కినా అంతే.

– కవర్ (రాడ్డుకూ కాంక్రీటు బయటి అంచుకూ మధ్య ఉండే కాంక్రీటు మందం): అసలు తేడా వచ్చేది ఇక్కడే. రాడ్డు మీద లాగుడు పడినప్పుడు దాని ఒంటి మీది గాట్లు చుట్టూ ఉన్న కాంక్రీటును బయటికి నెడతాయి. కవర్ పలచగా ఉంటే రాడ్డు పొడవునా చీలిక తేలుతుంది. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం సాధారణ వాతావరణంలో స్లాబుకు 20, కాలమ్‌కు 40, ఫుటింగ్‌కు (కాలమ్ కింది పునాదికి) 50 మి.మీ. ఉండాలి. కంకర రాయి కింద పెట్టి "సరిపోద్ది సార్" అంటే ఒప్పుకోకండి, కవర్ బ్లాకులే పెట్టించండి.

– ల్యాపు (రెండు రాడ్లను కలిపేచోట ఒకదాని పక్కన ఒకటి ఉండే పొడవు): "రాడ్డు మందానికి 50 రెట్లు చాలు" అనేది సైటు అలవాటు. ఎం20 రకం కాంక్రీటులో గాట్ల రాడ్డుకు లెక్కలో తీసుకునే పట్టు చదరపు మి.మీ.కు 1.92 న్యూటన్లు. రాడ్డు ఎఫ్‌ఈ 500 రకం స్టీలు అయితే లాగుడు వైపు సుమారు 57 రెట్లు కావాలి, అంటే 12 మి.మీ. రాడ్డుకు 684 మి.మీ. టేపు పెట్టి కొలవండి. ల్యాపులన్నీ ఒకే వరుసలో పడనివ్వకండి.

– నీళ్లు: ఎక్కువ పోసి కాంక్రీటును పలచన చేస్తే నీరు పైకి తేలుతూ పైవరుస రాడ్ల అడుగున చేరుతుంది, అక్కడ పట్టు పోతుంది.

– స్లాబు వేసిన మర్నాడు కాలమ్ రాడ్లను వంచడం, ఊపడం వద్దని మేస్త్రికి ఇప్పుడే చెప్పండి.