మార్చి క్లోజింగ్ ముందు పైవాళ్లకి నిజం చెప్పబోతున్నారా? ఇవి చూసుకోండి

మార్చి 31 దగ్గరపడుతోంది. లెక్కల్లో ఏదో తేడా కనిపించి, చెప్పాలా వద్దా అని టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఇది.

– ఆఫీసు ఫైళ్లు సొంత జీమెయిల్‌కి పంపుకోకండి. అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే, ఎందుకంటే మీరు ఎత్తిచూపిన విషయం పక్కకు పోయి "డేటా బయటికి పంపాడు" అన్న గొడవ మీ మెడకే చుట్టుకుంటుంది. బిల్లు నంబరు, తేదీ, ఎవరి లాగిన్‌తో ఎంట్రీ పడిందో రాసిపెట్టుకుంటే చాలు.

– మనిషిని కాదు, ఎంట్రీని చూపించండి. "దొంగలెక్కలు రాస్తున్నారు" అంటే కోపం వస్తుంది, అంతే. "సరుకు ఇంకా గోడౌన్‌లోనే ఉంది, మార్చి 20 తేదీతో బిల్లు ఎలా పడింది సార్?" అని అడిగితే జవాబు చెప్పక తప్పదు.

– మాట్లాడి వచ్చిన రోజే రెండు లైన్ల మెయిల్ పెట్టండి. "నాకెవరూ చెప్పలేదే" అనడం చాలా తేలిక.

– అనుమానం బాస్ మీదే అయితే ఆయన క్యాబిన్‌కి వెళ్లకండి. లిస్టెడ్ (షేర్ మార్కెట్‌లో ఉన్న) కంపెనీల్లో 2013 కంపెనీల చట్టం సెక్షన్ 177 ప్రకారం ఫిర్యాదుకి విడిగా ఏర్పాటు ఉండి తీరాలి, తప్పనిసరైతే ఆడిట్ కమిటీ (లెక్కల మీద కన్నేసి ఉంచే బోర్డు కమిటీ) చైర్మన్‌కే నేరుగా చెప్పొచ్చు.

– కేంద్ర ప్రభుత్వ ఆఫీసైతే సీవీసీకి (సెంట్రల్ విజిలెన్స్ కమిషన్‌కి) మూసిన కవరులో రాయొచ్చు. పేరు కవరు మీద వద్దు, లోపల ఉత్తరంలో మాత్రం ఉండాలి; ఆకాశరామన్న ఉత్తరాలు అక్కడ చెల్లవు.