డిప్రెషన్‌లో ఒంటరితనం, నాకు పనిచేసింది ఇదండి

అమలాపురం దగ్గర పల్లె మాది. మందులతో నిద్ర సర్దుకుంది గానీ ఒంటరితనం పోలేదండి, ఇంటినిండా జనం ఉన్నా సరే. "నలుగురిలో కలువు, అదే పోద్ది" అంటారు, కలవడానికే కదా భయం! ఓ రాత్రి మరీ బరువుగా ఉండి 14416కి చేశా, టెలి మానస్ అని మనసు బాగోలేనోళ్ళ కోసం 2022లో కేంద్రం పెట్టిన ఫోన్ లైను, ఏ టైంలో అయినా ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. అవతలావిడ క్లాస్ పీకలేదు, మాట్లాడక్కర్లేని చోట మనుషుల మధ్య కాసేపు ఉండమంది, మూడ్ వచ్చాక వెళ్దాంలే అనుకోకుండా టైం పెట్టుకుని.

పక్కింటి బాబాయి కొబ్బరి రాశి దగ్గరికి పోయేవాణ్ణి. ఆయన గునపానికి కాయ గుచ్చి, మెలితిప్పి డొక్క ఊడదీస్తుంటే నేను ఒలిచినవి లెక్కెట్టడం, అంతే. "ఏమైందిరా" అని అడగలేదు చూడండి, అదే నచ్చింది. కొన్నాళ్ళకి నాకే నోరు పెగిలి మందుల సంగతి చెప్పేశా, "మా బామ్మర్దీ వాడేవోడురా" అనేసి ఇంకో కాయ అందుకున్నాడు.

వెళ్ళబుద్ధి కానిరోజు "ఇవాళ రాలేను బాబాయ్" అని మెసేజ్ పెడతా, చెప్పకుండా మాయమైపోయేకన్నా అది నయం. మందులు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ఆపకండేం.