కుక్క అదేపనిగా నీళ్లు తాగుతోందా? స్పెషలిస్టు దగ్గరికి వెళ్లే ముందు

మా బ్రౌనీ ముసలి ల్యాబ్రడార్. గిన్నె నింపిన కాసేపటికే ఖాళీ చేస్తుంటే, మా డాక్టరుగారు మెడిసిన్ స్పెషలిస్టుకి చూపించమన్నారు. మీకూ అదే మాట చెప్తే, ముందు ఇంట్లో నీళ్లు కొలవండి.

పొద్దున లీటరు సీసాతో కొలిచి గిన్నెలో పోయండి. పోసినప్పుడల్లా రాసుకోండి. మర్నాడు అదే వేళకి మిగిలింది కొలిచి, పోసిన మొత్తంలోంచి తీసేయండి. బాత్రూమ్ బకెట్ల మీద మూతలుండాలి. కిలో బరువుకి రోజుకి 100 మిల్లీలీటర్లు దాటితే, అంటే 30 కిలోల కుక్క 3 లీటర్లు దాటి తాగితే, అది మామూలు దాహం కాదు. ఇల్లు తడుపుతోందని నీళ్లు మాత్రం తగ్గించకండి. కిడ్నీ జబ్బయితే ప్రాణం మీదికొస్తుంది.

తర్వాత మూత్రం. తెల్లవారి మొదటిసారి పోసేదే కావాలి. పొడుగు కాడ గరిటె బాగా కడిగి ఆరబెట్టండి. కుక్క మొదలుపెట్టాక వెనకనుంచి మెల్లగా కిందకి జరపండి, ముందే చూపిస్తే బెదిరి ఆపేస్తుంది. శుభ్రమైన డబ్బాలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టి, ఆ పూటే ఇవ్వండి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడగట్టి బయటికి పంపే వ్యర్థం) పెరిగేసరికి కిడ్నీల పని దాదాపు ముప్పాతిక వంతు పోయుంటుంది. మూత్రం పల్చబడటం అంతకంటే ముందే కనిపించవచ్చు. అందుకే ఈ పరీక్ష వద్దనుకోకండి.

పాత రిపోర్టులు, మందుల స్ట్రిప్పులు అన్నీ పట్టుకెళ్లండి. దురదకి వాడిన స్టెరాయిడ్ మాత్రలూ దాహం పెంచుతాయి. స్కానింగ్‌కి ఖాళీ కడుపుతో తేవాలా అని ఫోన్ చేసి అడగండి. ఇన్సులిన్ తీసుకునే కుక్కని అడక్కుండా పస్తుంచొద్దు.

ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎదకొచ్చిన నెలా రెండు నెలల్లో ఇలా తాగుతూ నీరసపడితే, ఈ కొలతలన్నీ వదిలేసి ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు.