ఎఫ్.ఎం. స్టేషన్‌కు గుర్తింపు కట్టడం – మూడవ పాఠం: పేరు, అంకె, పిలుపు

ఏదైనా రెండు ఎఫ్.ఎం. స్టేషన్లను చెరొక గంట విని, వేసిన పాటలను ఒక వరుసలోనూ, పాటల మధ్య వినిపించినవన్నీ మరొక వరుసలోనూ రాయమని గత పాఠంలో చెప్పుకున్నాం. ఆ పని చేసినవారికి ఒక సంగతి తెలిసే ఉంటుంది: మొదటి వరుసలు రెండూ దాదాపు ఒకటే, తేడా అంతా రెండవ వరుసలోనే ఉంది. అలా ఎందుకు జరిగిందో తెలియకుండా జింగిల్ (స్టేషన్ పేరును బాణీతో గుర్తుచేసే చిన్న ముక్క) రాయడం మొదలుపెడితే అది వట్టి అలంకారంగా మిగిలిపోతుంది కనుక ముందు కొంత చరిత్ర చూద్దాం.

మన దేశంలో ఎఫ్.ఎం. ప్రసారం 1977 జులైలో మద్రాసు ఆకాశవాణి నుంచి మొదలైంది. 1993లో ఆకాశవాణి తన ఎఫ్.ఎం. సమయాన్ని గంటల లెక్కన ప్రైవేటు సంస్థలకు ఇవ్వడంతో టైమ్స్ ఎఫ్.ఎం. వంటి పేర్లు వినిపించాయి. వాయుతరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1999లో ప్రకటించిన ప్రైవేటు ఎఫ్.ఎం. లైసెన్సుల తొలి దశలో 40 నగరాలకు 108 ఫ్రీక్వెన్సీలు వేలానికి వచ్చినా, లైసెన్సు రుసుము ఏటా 15 శాతం పెరిగే షరతు కారణంగా చాలామంది వెనక్కి తగ్గారు. ప్రసారం దాకా వచ్చినవి ఇరవై చిల్లర మాత్రమే. వాటిలో మొదటిది 2001 జులై 3న బెంగళూరులో మొదలైన రేడియో సిటీ. అదే ఏడాది అక్టోబరులో ఇందోర్‌లో రేడియో మిర్చి వచ్చింది. 2005 నాటి రెండవ దశలో ఏటా పెరిగే రుసుము పోయి ఆదాయంలో 4 శాతం వాటా పద్ధతి వచ్చింది. ఆ ఊపులోనే 2006లో హైదరాబాదు శ్రోతకు ప్రైవేటు ఎఫ్.ఎం. అందింది.

ఈ నిబంధనలే బ్రాండింగ్‌ను కూడా తీర్చిదిద్దాయి. ప్రైవేటు స్టేషన్లకు సొంతంగా వార్తలు చెప్పే వీలు లేదు. ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్లుగా మళ్లీ ప్రసారం చేయడానికి కూడా 2011 నాటి మూడవ దశ విధానం దాకా ఆగవలసి వచ్చింది. అంతకుముందు ఒక సంస్థకు ఒక నగరంలో ఒకే ఫ్రీక్వెన్సీ. ఉన్న ఒక్క స్టేషన్‌ను ఘంటసాల అభిమానులకో, కర్ణాటక సంగీత ప్రియులకో అంకితం చేసే సాహసం ఎవరికి ఉంటుంది? అందరూ కొత్త సినిమా పాటల మీదే పడ్డారు. సరుకు ఒకటే అయినప్పుడు అంగడి బోర్డే తేడా చూపాలి.

ఇక పనిలోకి దిగుదాం. మొదటిది పేరు. 'మిర్చి' అనే మాటను హైదరాబాదులో ఎవరూ అనువదించుకోవలసిన పని లేదు, మన బజ్జీలోనే ఉంది. హిందీలో పుట్టిన ఆ పేరుకు తెలుగులో 'ఇది చాలా హాట్ గురూ' అనే పిలుపు (పేరు వెంట పలికే చిన్న వాక్యం) అతికినట్లు సరిపోవడానికి కారణం ఆ కారమే. పేరు ఒక రుచినో, ఒక చోటునో, ఒక స్వభావాన్నో పట్టి ఇవ్వాలి. 'రేడియో' అన్న మాట తప్పనిసరి కాదు. ఆ సంస్థే 2020లో దాన్ని వదిలి వట్టి 'మిర్చి'గా మారింది.

రెండవది అంకె, అంటే స్టేషన్ ఫ్రీక్వెన్సీ. 91.1, 91.9, 92.7, 93.5, 94.3 వరుసను చూడండి, 0.8 చొప్పున జరుగుతున్నాయి. ఒకే ఊరి స్టేషన్లు ఒకదానిపై ఒకటి పడకుండా వదిలిన ఎడం అది. సెట్టుపై ముల్లు తిప్పుకునే రోజుల్లో శ్రోత ఈ అంకెతోనే ఇల్లు వెతుక్కునేవాడు కనుక స్టేషన్లు దాన్ని ఇంటిపేరులా పట్టుకున్నాయి. గాలిలో 98.3ను ఎవరూ 'తొంభై ఎనిమిది పాయింట్ మూడు' అనరు, 'నైంటీ ఎయిట్ పాయింట్ త్రీ' అనే అంటారు. భాషాభిమానికి ఇది కొంచెం బాధ కలిగించినా, మీరు రాసే వాక్యాన్ని ఆర్జే (రేడియో జాకీ, పాటల మధ్య మాట్లాడే వ్యాఖ్యాత) పలికే తీరులోనే చదివి చూసుకోవాలి.

మూడవది, అన్నిటికన్నా కష్టమైనది, పిలుపు. రాజమహేంద్రవరంలో 'గోదావరి' అనే ఊహా స్టేషన్ 94.3 మీద ఉందనుకుందాం. కొత్తగా రాసేవారు సాధారణంగా ఇలా రాస్తారు: 'మీ అభిమాన సంగీత వినోదాల వేదిక, గోదావరి ఎఫ్.ఎం.' ఇందులో తప్పు లేదు, కానీ గోదావరి తీసి కృష్ణ పెట్టినా వాక్యం చెక్కుచెదరదు. అంటే అది ఎవరిదీ కాదు. ఇప్పుడు దీన్ని పలికి చూడండి: 'నైంటీ ఫోర్ పాయింట్ త్రీ, గోదావరి. గట్టు మీద గాలి, చెవిలో పాట.' అంకె ముందుంది, పేరు వెంటనే ఉంది, ఊరు గట్టు రూపంలో వచ్చింది, 'గట్టు', 'గాలి' అక్షరాలు కలిసి తాళం వేశాయి. రెండు పాటల మధ్య ఒక్క ఊపిరిలో పట్టిపోతుంది. గంటకు పన్నెండు పాటలు వేసి, ప్రతి రెండింటికీ ఒకసారి వినిపిస్తే రోజుకు 144 సార్లు వినిపించే వాక్యం ఇది. కనుక తొలిసారి నవ్వించి, పదోసారి విసిగించే చమత్కారాన్ని ఇందులో పెట్టకండి; దాని చోటు ఆర్జే లింకులో, అంటే పాటల మధ్య ఆర్జే చెప్పే కబుర్లలో ఉంది.

అభ్యాసం: మీ ఊరికి ఒక ఊహా స్టేషన్ పేరు, పై వరుసలోంచి ఒక అంకె ఎంచుకుని ఐదు పిలుపులు రాయండి. ఒక్కొక్కదానిలో మీ ఊరిపేరు స్థానంలో పొరుగూరి పేరు పెట్టి చదవండి. అప్పటికీ చక్కగా అతికిన వాటిని కొట్టివేయండి. మిగిలిన వాటిని ఇంట్లో ఎవరికైనా ఒక్కసారే పైకి చదివి వినిపించి, మరుసటి రోజు గుర్తుందేమో అడగండి. వారు తిరిగి చెప్పిన మాటలను, తప్పులతో సహా, రాసి ఉంచుకోండి. జింగిల్‌కు బాణీ కట్టే నాలుగవ పాఠాన్ని ఆ కాగితంతోనే మొదలుపెడతాం.