పసిబిడ్డ పాలసీసా: ప్లాస్టిక్ రసాయనాలు పాలలో చేరకుండా

పాలికార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ తయారీలో వాడే బిస్ఫినాల్ ఏ (బీపీఏ) అనే రసాయనం శరీరంలో ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అనుకరిస్తుంది కనుక, అవయవాలు ఇంకా ఎదుగుతున్న పసివయసులో దాని ప్రభావం ఎక్కువ ఆందోళన కలిగిస్తుంది. ఐరోపా సమాఖ్య 2011లోనే పాలసీసాల్లో దానిని నిషేధించింది. అయితే ‘బీపీఏ రహితం’ అన్న ముద్ర చూసి నిశ్చింతగా ఉండరాదు. వేడి తగిలితే పాలిప్రొపిలీన్ అనే మరో రకం ప్లాస్టిక్ సీసా నుంచి కూడా సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు వెలువడతాయి.

పాలపొడిని కనీసం 70 డిగ్రీల వేడినీటితో కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఆ వేడి ప్లాస్టిక్‌కు తగలకుండా, మరిగించి శుభ్రపరచిన స్టీలు లేదా గాజు పాత్రలో పాలు కలిపి, గోరువెచ్చగా అయ్యాకే సీసాలో పోయాలి. మైక్రోవేవ్‌లో సీసాను వేడిచేయరాదు. గీతలు పడిన సీసాను పారవేయాలి. అటక మీద మూలపడిన ఉగ్గుగిన్నె ఉంటే, శుభ్రంగా మరిగించి దానితోనే పట్టడం నా దృష్టిలో మేలు.