చిన్న రిమోట్ కార్లు రెండు కొనేముందు

కూల్‌డ్రింక్ డబ్బాలాంటి డబ్బాలో వచ్చే నకలు రిమోట్ కార్లు పిల్లలిద్దరికీ చెరొకటి తెచ్చాను. ఒక రిమోట్ నొక్కితే రెండూ గోడకేసి పరిగెత్తాయి, ఇంట్లో ఒకటే ఏడుపు. తీరా చూస్తే రెండూ 27 మెగాహెర్ట్జ్‌వే, అంటే రెండు రిమోట్లూ ఒకే రేడియో తరంగం మీద పనిచేసేవే!

మొన్న విశాఖ పూర్ణా మార్కెట్‌లో మళ్లీ కొన్నప్పుడు కారు అడుగున స్టిక్కర్ చూశాను. అంకె చీమ తలంత ఉంటుంది, ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేస్తే కనబడుతుంది. ఒకటి 27, ఇంకొకటి 40 లేదా 49 తీసుకోండి. స్టిక్కర్‌ను పూర్తిగా నమ్మకండి. కొట్లోనే రెండు కార్లూ ఆన్ చేసి, ఒక్కో రిమోట్ విడిగా నొక్కి చూడండి. రెండు నిమిషాల పని. ఆ తర్వాత గచ్చు మీద తిన్నగా పోతోందో లేదో కూడా చూస్తే ఇంకా మంచిది.

2.4 గిగాహెర్ట్జ్ అని రాసి ఉంటే మాత్రం ఈ అంకెల లెక్క పనికిరాదు. వాటిలో కారూ రిమోటూ జతపడి ఉంటాయి, కాబట్టి రెండు కార్లకీ ఒకే అంకె ఉన్నా ఫర్వాలేదు.